కారు నిలబడిన ఇళ్ళు

దయ్యం అనే మాట ఎవరైనా ఎత్తితే నేను అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయే మనిషిని. భయంతో కాదు, విసుగుతో. ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో భౌతిక శాస్త్రం చెప్పాను. చింతచెట్టు దగ్గర ఏదో తెల్లగా కనిపించిందని పిల్లలు వస్తే, వాళ్ళనే ఆ చెట్టు కిందికి తీసుకెళ్ళి, కొమ్మకు చిక్కుకున్న గుడ్డపేలిక చూపించి తీసుకొచ్చాను. ఇప్పుడు రాయబోయేది కూడా దయ్యం కథ అని నేననుకోవడం లేదు. ఏమనుకోవాలో తెలియక, జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

డెబ్భైల చివరి మాట. మేము తిరుపతిలో ఉండేవాళ్ళం. నాయనది బట్టల వ్యాపారం, సొంతంగా చిన్న అంగడి కూడా ఉండేది. నగరి, పుత్తూరు వైపు మగ్గాల వాళ్ళ దగ్గర చీరలు, లుంగీలు తీసుకుని తిరుపతి, చిత్తూరు అంగళ్ళకు వేసేవాడు. వారానికి రెండుసార్లు నగరి పోయి రావాలి. బస్సు మీదికి మూటలు ఎక్కించడం, దించుకోవడం, వానకు సరుకు తడవడం, వీటితో విసిగిపోయి కారు కొనాలనుకున్నాడు. కొత్తది కొనే తాహతు లేదు. నగరిలో ఒక డాక్టరు గారు పోయి ఏడాది దాటిందనీ, ఆయన కారు షెడ్డులో ఊరికే పడి ఉందనీ మగ్గాలాయన ఒకరు చెప్పారు.

ఆ కారు ఏ రకమో రాయను. చేసినవాళ్ళ తప్పేమీ లేదు, అప్పటికే దానికి పద్దెనిమిదేళ్ళు. నల్ల రంగు, గుండ్రటి దీపాలు, సీట్లకు పూల గుడ్డతో కుట్టిన కవర్లు. ముందు అద్దం మీద డాక్టర్లు వేసుకునే ఎర్ర గుర్తును గీకేశారు గానీ, ఎండ పడితే దాని ఆకారం ఇంకా కనబడేది. డాక్టరు గారి భార్య బేరమాడలేదు. తాళంచెవి చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఇలాంటి సంగతులు చెప్పేవాళ్ళు పాత యజమాని ఏదో హెచ్చరిక చేసినట్టు చెప్తారు. మాకు ఎవరూ ఏ హెచ్చరికా చెయ్యలేదు.

మొదటి నెలలోనే దాని సంగతి తెలిసిపోయింది. పెట్రోలు పంపు పోయింది. అది మార్పించిన వారానికి డైనమో. డైనమో బాగయ్యాక రేడియేటరు కారడం మొదలుపెట్టింది. రేణిగుంట రోడ్డులో మస్తాన్ అనే మెకానిక్ షెడ్డు ఉండేది. మనిషి నిదానస్తుడు, పని తెలిసినవాడు. నాయన అంగట్లో కంటే ఆ షెడ్డులో బల్ల మీద ఎక్కువసేపు కూర్చున్న రోజులున్నాయి. ఆ కారు సామాను ఈ చుట్టుపక్కల దొరికేది కాదు. కార్బురేటరులో వేసే వేలెడంత ఇత్తడి ముక్క కోసం నాయన మద్రాసు పాత సామాన్ల బజారుకు రెండుసార్లు పోయి వచ్చాడు. మొదటిసారి తెచ్చింది సైజు సరిపోలేదు.

ఆ ఏడాది మా ఇంటికి సున్నం కొట్టించలేదు. నాకు కొనిస్తానన్న చేతి గడియారం మాట మళ్ళీ రాలేదు. అప్పుడు నేను తిరుపతిలోనే బి.ఎస్సీ చదువుతున్నాను. అమ్మేసెయ్యి నాయనా అని నేను ఒకటి రెండుసార్లు అన్నాను.

"ఇంత పెట్టినాక ఇప్పుడు అమ్మితే ఏమొస్తాది పాపా? ఇంగొక్క సామాను మారిస్తే కుదురుకుంటాది అంటా ఉండాడు మస్తాను" అనేవాడు నాయన. ప్రతిసారీ ఇంకొక్క సామానే.

అమ్మ ఏమీ అనేది కాదు. ఒకసారి కాళహస్తిలో బంధువుల ఇంట్లో శుభకార్యానికి పోతుంటే ఏర్పేడు దాటాక కారు ఆగిపోయింది. పట్టుచీర కట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో, అమ్మ రెండు మైళ్ళు నడిచింది. ఆ తర్వాత ఆ కారు ఎక్కనని చెప్పింది. ఏడాది పైగా ఎక్కలేదు. ఎక్కడికి పోవాలన్నా బస్సులోనే పోయేది.

ఒక మాట ముందే చెప్పాలి. ఆ కారు మా దగ్గరున్న రెండేళ్ళలో దారిలో ఇరవైసార్లకు పైగా ఆగింది. దాదాపు ప్రతిదానికీ మస్తాన్ కారణం చూపించాడు. తెగిన బెల్టు, కాలిన కండెన్సరు, ట్యాంకులో తుప్పు. వాటిలో వింత ఏమీ లేదు. నేను రాస్తున్నది మిగిలిన నాలుగుసార్ల గురించే.

మొదటిది ఎండాకాలంలో. కాలేజీకి సెలవులు. నేనూ నాయనతో నగరి వెళ్ళాను. తిరిగి వస్తూ పుత్తూరు ఇంకా కొన్ని మైళ్ళుండగా, రోడ్డు పక్కన ఒంటరిగా ఉన్న పెంకుటింటి ముందర కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నాయన బానెట్ ఎత్తాడు. ఆ ఇంట్లోంచి ఒక రైతు చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు. కారు ముందు సీట్లోకి తొంగి చూసి, నాయన ముఖం చూసి, నిలబడిపోయాడు.

"బండిని సూసి డాక్టరు సామి అనుకుంటినే" అన్నాడు.

"డాక్టరు పోయి రెండేండ్లాయె కదప్పా. ఈ బండి నేను కొనుక్కుంటి" అన్నాడు నాయన.

ఆయన కూతురికి ముందురోజు నుంచి వాంతులు, బేదులు. ఆరేళ్ళుంటాయి. నేను లోపలికి వెళ్ళి చూశాను. కళ్ళు గుంటలు పడిపోయాయి. చేతి మీద చర్మం గిల్లితే గిల్లినట్టే నిలబడిపోయింది. బస్సు రావడానికి ఇంకా రెండు గంటలుంది. ఆ తల్లి బిడ్డను ఎత్తుకొచ్చి, మమ్మల్ని అడక్కుండానే వెనక సీట్లో కూర్చుంది. బండి నడవదని ఎంత చెప్పినా దిగలేదు. ఆమె తృప్తి కోసం నాయన హ్యాండిలు పెట్టి ఒకసారి తిప్పాడు. కారు లేచింది. పుత్తూరు ఆసుపత్రి దాకా ఎక్కడా ఆగలేదు. ఆ పిల్ల బతికింది.

దీంట్లో వింతేమీ లేదని అప్పుడు అనుకున్నాను, ఇప్పటికీ అనుకోవచ్చు. ఎండ వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతుంది. ముప్పావుగంట ఆగితే చల్లబడి మళ్ళీ పారుతుంది. మస్తానూ అదే చెప్పాడు. "ఎండాకాలం ఏ బండికైనా ఉండేదే సెట్టిగారూ. తడిగుడ్డ ఏసుకోండి."

రెండోది నగరిలోనే, శ్రావణ మాసం దాటాక. మగ్గాల వీధుల వెనక ఒక సందులో ఆగిపోయింది. పక్కనే తలుపు మూసిన చిన్న ఇల్లు ఉంది. గంటసేపు ఆ గడప మీద కూర్చున్నాం. పెట్రోలు వస్తోంది, ప్లగ్గుల్లో నిప్పురవ్వ వస్తోంది, ఇంజను మాత్రం పలకదు. చివరికి ఎద్దుల బండికి కట్టి లాగించుకుని మెయిన్ రోడ్డు దాకా పోయాం. అక్కడ దానంతట అదే లేచింది.

తర్వాతి వారం నాయన ఒక్కడే నగరి వెళ్ళి వచ్చి, అన్నం తింటూ చెప్పాడు. ఆ ఇంట్లో ఒంటరి ముసలామె ఉండేదట. జారిపడి లేవలేక రెండు రోజులు లోపలే పడి ఉందట. మేము వచ్చేసిన మరుసటి రోజు పక్కింటివాళ్ళు తలుపు పగలగొట్టారు. నాలుగు రోజులకు ఆమె పోయింది.

ఆ గంటసేపూ మేము ఆమెకు ఆరడుగుల దూరంలో ఉన్నాం. తలుపు వెనక ఏదో గీకుతున్న శబ్దం విన్నానేమో అని ఆ రాత్రి నాకనిపించింది. అది తర్వాత నేను కల్పించుకున్నదై ఉండొచ్చు. దాన్ని సాక్ష్యంగా చెప్పను. కానీ ఆ రోజు నుంచి కారు ఆగినప్పుడల్లా ఎదురుగా ఏ ఇల్లుందో చూడటం మొదలుపెట్టాను.

మూడోది కార్తీక మాసంలో, వానల్లో. ఎండ వేడి అనడానికి లేదు. వడమాలపేట దగ్గర ఒక కొత్త ఇంటి ముందర ఆగింది. గృహప్రవేశం తోరణాలు ఇంకా పూర్తిగా ఎండలేదు. ఆ ఇంటాయన నలభై అయిదేళ్ళ మనిషి, కండలు తిరిగిన చేతులు. మమ్మల్ని లోపలికి పిలిచి కాఫీ ఇప్పించాడు. నేను ఆయన భార్యను పక్కకు పిలిచి, మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

ఆమె వింతగా చూసింది. "లేదే మ్మా. దేవుడి దయ వల్ల అందరమూ బాగుండాము. ఎందుకడగతా ఉండావు?"

ఊరికే అడిగానన్నాను. నా మీద నాకే సిగ్గేసింది. సైన్సు చదువుకుంటూ ఇవేం ఆలోచనలు అనుకున్నాను.

వాన తగ్గాక ఆయనే అన్నాడు. "పల్లానికి తోస్తే లేస్తాదన్నా. మీరు లోపల కూర్చోండి, నేను తోస్తా." నాయన ఒకసారి వద్దని, రెండోసారి సరేనన్నాడు. ఆయన ఒక్కడే భుజం ఆనించి యాభై గజాలు తోశాడు. కారు లేవలేదు. నేను పక్కన నడుస్తున్నాను. ఆయన చెయ్యి తీసి, రోడ్డు మీద చతికిలబడ్డాడు. ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. ముఖం నిండా చెమట.

ఆయన్ను, ఆయన భార్యను వెనక సీట్లో ఎక్కించాం. నాయన తాళం తిప్పగానే కారు లేచింది. తిరుపతి పెద్దాసుపత్రి దాకా గేరు కూడా తడబడలేదు. గుండెపోటన్నారు. మరునాడు పొద్దున ఆయన చనిపోయాడు.

నాయన పదకొండో రోజు వాళ్ళింటికి పోయి వచ్చాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండా వసారాలో కూర్చున్నాడు. "తోస్తానంటే వద్దనాల్సింది. నేను స్టీరింగు పట్టుకోని కూర్చుంటి" అన్నాడు. అమ్మ మంచినీళ్ళు ఇచ్చి పక్కన కూర్చుంది. కారు నిలబడింది ఆయనకు గుండెపోటు వస్తుందనా, లేక నిలబడింది కాబట్టి, తోశాడు కాబట్టి వచ్చిందా? నాయన రెండోదే నమ్మాడు. కారు అమ్మేస్తానని ఆ రోజే మొదటిసారి తన నోటితో అన్నాడు.

అమ్మేలోగా నాకు ఒకటి తెలుసుకోవాలనిపించింది. ఆ తర్వాత వారం నాయనతో నగరి వెళ్ళి, ఆయన మగ్గాల దగ్గరుండగా నేను డాక్టరు గారి ఇంటికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే అక్కడ ఏదో ఒక కథ దొరుకుతుందని ఆశపడ్డాను. డాక్టరు గారు ఎవరినో చూడటానికి పోలేకపోయారనో, ఆ బాధతో పోయారనో. అలాంటిదేమీ లేదు. ఆయన నిద్రలో పోయారు. పెంకుటింటి రైతు ఆయన దగ్గరికి వచ్చేవాడని ఆమెకు గుర్తుంది. వడమాలపేట దిక్కు ఆయన ఎప్పుడూ పోలేదట. ఆ కొత్త ఇంటికి ఆయన బతికుండగా పునాది కూడా పడలేదు.

"బండి దారిలో నిలబడిపోతుంటే డాక్టరు గారు ఏం చేసేవాళ్ళమ్మా?" అని అడిగాను.

ఆమెకు నా ప్రశ్న అర్థం కాలేదు. "నిలబడేదేంది? పదారేండ్లు తోలినాడు. ఒకనాడన్నా నిలబడలా" అంది.

నేను నమ్మనట్టు కనబడి ఉంటాను. మళ్ళీ అదే మాట చెప్పింది. నేను లేచి వస్తుంటే, సీట్ల మీద తాను కుట్టిన కవర్లు ఇంకా ఉన్నాయా అని మాత్రం అడిగింది. ఉన్నాయన్నాను.

దారిలో నాయనకు ఈ మాట చెప్పాను. "ఆయన బండిని బాగా పెట్టుకోనుంటాడు" అన్నాడు నాయన.

మాఘమాసానికి ఒక బేరం కుదిరింది. రేణిగుంట స్టేషను దగ్గర టాక్సీలు తిప్పే ఒకాయన కొంటానన్నాడు. కారు మస్తాన్ షెడ్డులో మూడు రోజులుంది. ఇంజనుకు బోరింగ్ చేసి, కొత్త రింగులు వేసి, కొత్త పాయింట్లు పెట్టి, సాయంత్రం మస్తానే నడుపుకుంటూ తెచ్చి మా ఇంటి ముందర పెట్టాడు. పొద్దున బేరగాడు వచ్చాడు. కారు లేవలేదు.

రెండు గంటలు ప్రయత్నించారు. బేరగాడు కాఫీ తాగి, బాగైనాక కబురు చెయ్యమని వెళ్ళిపోయాడు. మస్తాన్ వచ్చాడు. ఆ రోజంతా చూశాడు. మరుసటి రోజూ చూశాడు. కార్బురేటరు విప్పి కడిగి బిగించాడు. ప్లగ్గులు షెడ్డుకు వచ్చిన ఒక జీపులోవి తెచ్చి వేశాడు. నేను పక్కనే నిలబడి చూశాను. నిప్పురవ్వ నీలంగా, దండిగా వస్తోంది. పెట్రోలు వస్తోంది. గాలి వస్తోంది. ఇంజను మండటానికి ఈ మూడు తప్ప ఇంకేమీ అక్కర్లేదని పుస్తకంలో రాసి ఉంటుంది. మూడోరోజు సాయంత్రానికి బ్యాటరీ కూడా దిగిపోయింది. సెల్ఫ్ కొడితే టక్కుమనడం తప్ప తిరగడం లేదు.

"నాకు తెలిసిందంతా సేసినాను సెట్టిగారూ. రేపు పొద్దున బ్యాటరీ తీసుకోనిపోయి ఛార్జికి పెడతా" అని మస్తాన్ చేతులు తుడుచుకున్నాడు.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు నేను అడిగేశాను. నవ్వుతాలుగానే మొదలుపెట్టాను. "మన ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?"

నాయన కంచంలో చెయ్యి ఆపాడు. "సదువుకున్న దానివేనా నువ్వు? నాకేం, రాయి మాదిరి ఉండాను. నీకేమన్నా ఉండాదా?"

నాకేమీ లేదు. అమ్మ చారు వడ్డిస్తోంది. నాయన కంచంలో వేసి, నా కంచంలో వేసి, గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది.

పొద్దున నేను లేచేసరికి అమ్మ తలస్నానం చేసి, బయటికి పోయే చీర కట్టుకుని ఉంది. పొయ్యి ముట్టించలేదు. నేను అడిగేలోపే వాకిలి దాటి, కారు వెనక తలుపు తీసి, ఎక్కి కూర్చుంది. అప్పుడే మస్తాన్ బ్యాటరీ తీయడానికి సైకిలు దిగుతున్నాడు. ఏడాది పైగా ఆ కారు ఎక్కని మనిషి ఎక్కడం చూసి నాయన తువ్వాలు భుజం మీద వేసుకుని బయటికి వచ్చాడు.

"బండి తియ్యండి" అంది అమ్మ.

"యాడికి?"

"తియ్యండి. సెప్తాను."

"మూడు దినాలుగా సూస్తానే ఉండావు కదా. అది రాదు."

అమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నాయన వైపు కాకుండా ఎదురుగా చూస్తూ కూర్చుంది. నాయన మస్తాన్ వైపు చూశాడు. మస్తాన్ భుజాలు ఎగరేశాడు. నాయన డ్రైవరు సీట్లో కూర్చుని, విసుగ్గా తాళం తిప్పి, సెల్ఫ్ లాగాడు.

మొదటి లాగుడికే ఇంజను లేచింది.

మస్తాన్ సైకిలు స్టాండు వేయకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నేను ఇంటికి తాళం వేసి అమ్మ పక్కన ఎక్కాను. అమ్మ చెయ్యి చూపించినట్టు అలిపిరి వైపు తిరిగి, చంద్రగిరి రోడ్డు ఎక్కాం. అప్పుడు అమ్మ చెప్పింది.

"వేలూరు పెద్దాసుపత్రికి పోదాం. నాకు రొమ్ములో గడ్డ ఉండాది. ఎనిమిది నెలలాయె."

నాయన కారు ఆపలేదు. వెనక్కి తిరిగి చూడలేదు కూడా. ఎందుకు చెప్పలేదని నేను అడిగాను. నా గొంతు పెద్దదైంది.

"యాడ సెప్పేది? సెప్దామనుకున్నప్పుడంతా ఈ బండికి ఏదో ఒకటి పోతా ఉండె. దానికే సాల్లేదు" అంది అమ్మ. కోపంగా అనలేదు. బియ్యం అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది.

చిత్తూరు దాటాం. నాయన ఎప్పుడూ ఆగి రేడియేటరులో నీళ్ళు పోసే చోట కూడా ఆగలేదు. కళ్ళు తుడుచుకోవడానికి మాత్రం ఒకసారి తువ్వాలు తీశాడు. వేలూరు దాకా ఆ కారు ఒక్కసారి దగ్గలేదు.

ఆపరేషను అయింది. ఇంకా ఆలస్యమై ఉంటే చెయ్యగలిగింది ఉండేది కాదని అక్కడి డాక్టరమ్మ నాతో విడిగా చెప్పింది. అమ్మ నెల రోజులు అక్కడే ఉంది. నాయన రోజూ ఆమె మంచం పక్కన నేల మీద పడుకున్నాడు. మగ్గాల వాళ్ళకు కబురు పెట్టలేదు, అంగడి తెరవలేదు. తర్వాత అమ్మ పంతొమ్మిదేళ్ళు బతికింది. పోయింది కూడా ఆ జబ్బుతో కాదు.

ఇంటికొచ్చాక నాయన ఆ మూడు రోజుల పనికి కూలి ఇవ్వబోతే మస్తాన్ తీసుకోలేదు. "నేనేం బాగుసెయ్యలేదే. దేనికని తీసుకునేది?" అన్నాడు. నాయనకు ఇక కారు అమ్మడానికి మనసు రాలేదు. షెడ్డు వేయిద్దామన్నాడు. మా అమ్మే ఒప్పుకోలేదు. ఎందుకని అడిగినా చెప్పలేదు. చివరికి రేణిగుంట ఆయనకే ఇచ్చేశాం. రెండేళ్ళ తర్వాత స్టేషనులో ఆయన కనబడితే అడిగాను. ఎక్కడైనా ఆగిందా అని.

"అది నిలబడేదేంది మ్మా? సెల్ఫ్ ముట్టుకుంటే లేస్తాది. మీ నాయనకు తోలడం సరింగా రాలేదు, అంతే" అన్నాడు.

నాకు తెలిసిన వివరణలన్నీ నేను వేసి చూసుకున్నాను. రాత్రంతా వదిలేస్తే దిగిపోయిన బ్యాటరీ కొంచెం కోలుకుంటుంది. ఇంజనులో ఎక్కువై నిలిచిన పెట్రోలు ఆరిపోతుంది. అమ్మ చెప్పడానికి ఒక సందు వెతుక్కుంటూ ఉండొచ్చు, నా ప్రశ్న ఆ సందు ఇచ్చి ఉండొచ్చు. ఇరవైసార్లకు పైగా ఆగిన కారు నాలుగుసార్లు రోగం ఉన్న ఇంటి ముందర ఆగడం పెద్ద విశేషమూ కాదు. మన ఊళ్ళల్లో ఏ ఇంట్లో రోగం లేదు? వీటిలో ఒక్కొక్కటీ ఒప్పుకోగలను. అన్నీ కలిపి మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. యంత్రానికి ఏమీ తెలియదని ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లలకు చెప్పాను. ఇప్పుడు ఎవరైనా అడిగినా అదే చెప్తాను.

అమ్మతో ఈ విషయం ఒక్కసారే మాట్లాడాను. అది ఆమె చివరి సంవత్సరాల్లో. ఇద్దరం వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. ఆ పొద్దు సెల్ఫ్ లాగినప్పుడు బండి లేచి ఉండకపోతే ఏం చేసేదానివి అని అడిగాను. బస్సులోనైనా వేలూరు పోయేదాన్ని అంటుందనుకున్నాను.

అమ్మ చేతిలో కాయ ఒలవడం అయ్యేదాకా ఆగింది.

"దిగొచ్చి పొయ్యి ముట్టించేదాన్ని" అంది. "ఇంగ ఎవురికీ సెప్పేదాన్ని కాదు."